పేరు మనది, పాట మనది. తలుపు మూయుట ఎవరి కొరకు?

గత కార్యవర్గ సమావేశములో ఒక అర్జీ చర్చకు వచ్చినది. అర్జీదారు మన గల్లీలలో పుట్టి పెరిగిన యువకుడు. అతడు మనలను ధనసహాయ మడుగలేదు. తాను పాడిన పాటల ఆల్బమును మన సంఘము హాలులో, మన పెద్దల ఎదుట, ఒక సాయంకాలము మూడు గంటల సేపు వినిపించి విడుదల చేసికొనుటకు అనుమతి మాత్రమే కోరినాడు. హాలు అద్దె కట్టెదనని గూడ వ్రాసినాడు. కార్యవర్గము ఆ అర్జీని 'పరిశీలనలో నుంచవలెను' అని తీర్మానించినది. మన సంఘములో పరిశీలన యనగా నేమో పాత సభ్యులకు చెప్పనక్కరలేదు. అది మర్యాదగా తలుపు మూయుట.

ఆ కార్యవర్గములో మేమును ఒకరము. ఆనాడు మేము నోరు మెదపలేదు. చర్చ సాగుచున్నంతసేపు టీ కప్పు వంక చూచుచు కూర్చుంటిమి. ఇంటికి పోయి అన్నము ముందు కూర్చున్నప్పుడు సిగ్గు వేసినది. ఆ సిగ్గే నేడు మాచేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది. పెద్దలు కోపగించుకొన్నను సరే, విషయము సభ్యులందరి ఎదుట పెట్టుట మా విధి యని తలచుచున్నాము.

ఆ యువకుని పేరు ఇచట వ్రాయుట లేదు. అతడెవరో మీకు తెలియును. గణపతి ఊరేగింపులలోను, పెండ్లిండ్ల హల్దీ రాత్రులలోను మన వాడల వెంట తిరుగు బ్యాంజో పార్టీలలో నొకదానిలో చాల కాలముగ పాడుచున్నాడు. మీ ఇంటి పెండ్లిలో పాడియుండును, మా ఇంటి పెండ్లిలో పాడినాడు. హిందీ కావలెనన్న హిందీ, మరాఠీ కావలెనన్న మరాఠీ, మన ముసలమ్మలు చేరిన చోట బతుకమ్మ పాట. ఇన్నాళ్లు అతడు పాడినవన్నియు ఒకరి పాటలే. ఇప్పుడు ఊరేగింపుల సంపాదనలో మిగిల్చిన పైకముతో, గంటల లెక్కన స్టూడియో అద్దెకు తీసికొని, తానే వ్రాసి తానే బాణీ కట్టిన ఏడు తెలుగు పాటలను రికార్డు చేసినాడు. ఆ ఆల్బమునకు మన వాడ పేరే పెట్టినాడు: కామాటిపుర.

కార్యవర్గములో వినవచ్చిన ఆక్షేపణలు మూడు. ఒకటి: పార్టీలో పది మందితో కలసి పాడినవాడు ఒంటరిగా పేరు సంపాదింపబోవుట మిత్రద్రోహము. రెండు: బొంబాయిలో తెలుగు పాట ఎవడు వినును, పైగా అది శుద్ధమైన తెలుగు కాదు. మూడు: వాడ పేరు బయట పెట్టి మన ఆడపిల్లల సంబంధములకు అడ్డు తెచ్చుచున్నాడు. ఈ మూడింటికిని వరుసగా సమాధానము చెప్పెదము.

మొదటి ఆక్షేపణ చేసినవారిలో ఆ బ్యాంజో పార్టీ పిల్లల పెద్దలు ఇద్దరు గలరు. వారి బాధ మాకు అర్థమైనది. భుజమున డోలు మోసి వర్షములో నడచినవాడు, ముందు మైకు పట్టుకొన్నవాడు ఇద్దరు సమానముగ అలసిపోదురు. పేరు మాత్రము మైకు పట్టినవానికే వచ్చును. ఇది అన్యాయమే. కాని ఈ అన్యాయమునకు మందు వాని నోరు మూయుట యగునా? మేము వ్యాపారస్తులము, మాకు తెలిసిన భాషలో చెప్పెదము. నలుగురు కలసి కొట్టు నడుపుచుందురు. అందులో నొకడు తన సొంత డబ్బుతో, సెలవునాడు, వేరే సరుకుతో చిన్న కొట్టు తెరచినాడు. ఉమ్మడి కొట్టులోని సరుకు ఎత్తుకొనిపోయిన దొంగ యగును. ఉమ్మడి కొట్టు పేరు వాడుకొన్న మోసగాడగును. ఈ రెండును చేయనివానిని ద్రోహి యనుటకు ఏ ఖాతాలోను చోటు లేదు.

ఈ యువకుడు ఉమ్మడి సరుకు ముట్టలేదు. ఆ ఏడు పాటలలో ఏదియు పార్టీ పాడినది కాదు. అంతేకాదు, నాలుగు పాటలకు తన తోటివారి చేతనే డోలు, తాషా, బ్యాంజో వాయింపించి, స్టూడియో వాడికి ఇచ్చినట్లే వారికిని రోజు కూలి ఇచ్చి, వారి పేర్లు ఆల్బములో వ్రాయించినాడు. మన ఊరేగింపులలో వారి పేర్లు ఏనాడైన మనము మైకులో చదివినామా? ద్రోహమను మాట పలుకుటకు ముందు ఆ సంగతి ఆలోచింపవలెను.

బృందములో నుండి ఒక గొంతు వేరై వినబడుట క్రొత్త సంగతి కాదు. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున పుట్టిన నాటక సమాజములు కుటుంబములకు కుటుంబములే బృందములుగ నడచినవి. ఆ బృందముల బిడ్డ సురభి కమలాబాయి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీయునప్పుడు ఆమె బొంబాయి నగరమునకు వచ్చి లీలావతి వేషము ధరించి తన పాటలు తానే పాడెను. ఆ పిదప కొంత కాలము ఈ నగరముననే యుండి హిందీ చిత్రములలో గూడ నటించెను. ఆమె ఒంటరిగా పేరు తెచ్చుకొన్నదని సురభి పేరు తగ్గినదా, పెరిగినదా? ఈనాటికిని ఆమె పేరు ముందు సురభి యను మాట లేకుండ ఎవ్వరును పలుకరు. బృందము కన్నబిడ్డను గొంతు నొక్కి పెంచుకొనదు. పంపించి, పేరులో నిలచును.

మన కాలములో, మన నగరములోనే మరియొక ఉదాహరణము గలదు. స్వదేశీ అను పేర ముంబయి యువకుల ర్యాప్ బృందమొకటి గలదు. ఎవరి మాతృభాషలో వారు పాడుట వారి పద్ధతి. 2019లో ఆరే అడవిలోని వార్లీ ఆదివాసుల పక్షమున వారు చేసిన పాట చాలమంది విన్నారు. ఆ బృందములో ధర్మేశ్ పర్మార్ అను గుజరాతీ యువకుడు ఎం.సి. తోడ్‌ఫోడ్ అను పేర పాడెడివాడు. 2019 నాటి 'గల్లీ బాయ్' చిత్రములోని ఒక పాటలోను అతని గొంతు గలదు. అతడు బృందములో నుండియే తన మొదటి సొంత ఆల్బమును సిద్ధము చేసికొన్నాడు. 'ట్రూత్ అండ్ బాస్' అను ఆ ఆల్బము 2022 మార్చి నెలలో ఆజాదీ రికార్డ్స్ వారి ద్వారా వెలువడినది. అదే నెలలో, ఇరువది నాలుగేండ్ల ప్రాయముననే ఆ యువకుడు మరణించినాడు.

ఇది చదువుచు ఒక్క క్షణమాగి ఆలోచింపుడు. సొంత ఆల్బము వలదు, బృందము చాలునని అతని పెద్దలు ఆనాడు ఆపియుండినచో, 'మరుసటి సంవత్సరము చూతములే' యని వాయిదా వేసియుండినచో, అతడు తనంత తాను చెప్పదలచిన మాటలలో నేడు ఏమి మిగిలియుండెడిది? పాటకు పరిశీలన కాలమని వేరే యుండదు. మన కార్యవర్గపు పరిశీలనకు ఆగునంత తీరిక మనుష్యుల ఆయుస్సునకు లేదు.

ఇక పేరు సంగతి. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కొమ్ము ఎదుట పాడి, పాట ముగియగనే తన పేరు తానే ఎలుగెత్తి చెప్పెను. ఆనాడు ఆ పలుకు రికార్డు మీద చీటి వ్రాయువానికి గుర్తు కొరకని చెప్పుదురు. ఏమైనను పాడినవారు తమ పేరు తాము చెప్పుకొనుట మన దేశములో రికార్డులంత పాత మర్యాద. అది అహంకారము కాదు, లెక్క. పేరు లేని సరుకునకు బజారులో హక్కుదారుండడు.

ఆ యువకునికి గూడ ఈ సందర్భమున ఒక మాట చెప్పెదము. నాయనా, మన దేశములో 1957 నాటి కాపీరైటు చట్టము గలదు. ఒక పాటలో మాట వ్రాసినవాని హక్కు వేరు, బాణీ కట్టినవాని హక్కు వేరు, పాడినవాని హక్కు వేరు, డబ్బు పెట్టి రికార్డు చేయించినవాని హక్కు వేరు. రికార్డు మీది హక్కు విడుదలైన పిమ్మట 60 సంవత్సరములు నిలచును. 2012లో చట్టమును సవరించినప్పుడు, రచయితకును బాణీ కట్టినవానికిని రావలసిన రాయల్టీ వాటాను వారు వ్రాసి ఇచ్చినను పోకుండ కట్టుదిట్టము చేసిరి. ఎవరైనను నీ చేతికి ఇంగ్లీషు కాగితము ఇచ్చి 'సర్వహక్కులు' అని యున్న చోట సంతకము పెట్టుమన్నచో ఆ రాత్రియే పెట్టవలదు; మా కొట్టుకు రమ్ము. నీ తోటి వాద్యగాండ్రతో గూడ నీవు కాగితము వ్రాసికొనుము. నోటి మాట స్నేహమున్నంతకాలమే నిలచును, కాగితము తగాదా వచ్చిననాడు నిలచును.

రెండవ ఆక్షేపణకు వత్తము. తెలుగు పాట బొంబాయిలో ఎవడు వినునని అడిగిన పెద్దలకు ఒక పాత సంగతి గుర్తు చేయుచున్నాము. ఇందాక చెప్పిన 'భక్త ప్రహ్లాద' మొదట ఏ ఊరిలో విడుదలయ్యెనో తెలియునా? బెజవాడ కాదు, మదరాసు కాదు. 1932 ఫిబ్రవరి 6వ తేదీన ఈ బొంబాయి నగరములోని కృష్ణా సినిమాలో. తొలి తెలుగు టాకీ తెర మీద మొట్టమొదట పలికినది మన ఊరిలో. ఆ హాలు మన గల్లీలకు కాలినడక దూరము. టిక్కెట్టు కొని చూచినవారిలో మన తాతలు, ముత్తాతలు లేరని ఎవరనగలరు? ఆనాడు రాళ్లు మోసి సున్నము కలిపిన కూలివారికి తెలుగు వినవలెనను ఆశ గలదు. నేడు దుకాణములు, ఫ్లాట్లు గల మనకు ఆ ఆశ లేదనుట వినుటకే కష్టముగ నున్నది.

ఇరుగుపొరుగు వారిని చూడుడు. ధారావి తమిళ కుర్రవాండ్ర డోపడెలిక్స్ బృందము 2018లో వచ్చిన రజనీకాంత్ చిత్రము 'కాలా'లో పాడినది. గుజరాతీ యువకుడు గుజరాతీలో పాడినాడని పైన చెప్పితిమి. మరాఠీవారి సంగతి చెప్పనేల? మన బిడ్డల సంగతి యేమి? కాలిఫోర్నియాలో తెలుగువారి ఇంట పుట్టిన శ్వేత యల్లాప్రగడ రావు 'రాజకుమారి' అను పేర ముంబయికి వచ్చి, 2017లో ఇక్కడి ర్యాప్ గాయకుడు డివైన్‌తో కలసి ఈ నగరపు బస్తీలను గూర్చి పాడినది. 2023లో 'ది బ్రిడ్జ్' అను ఆల్బమును వెలువరించినది. అది ఇంగ్లీషు ఆల్బము. ఆమె పెరిగిన దేశమది, తప్పు పట్టుట లేదు, గర్వించుచున్నాము. కాని పదివేల మైళ్ల దూరము నుండి వచ్చిన తెలుగు బిడ్డకు ఈ బస్తీలు పాటకు తగిన వస్తువుగ కనబడినవి. బస్తీలలోనే పుట్టిన బిడ్డ, బస్తీలో మాటలాడు తెలుగులోనే పాడినచో మనకు తగనివాడైనాడు!

తెలుగు దేశములో గూడ కాలము మారినది. హైదరాబాదు చౌరస్తా బ్యాండులో పాడిన రామ్ మిరియాలను ఎరుగని తెలుగు యువకుడు లేడు. 2020లో కరోనా కాలమున ఆ బృందము జాగ్రత్తలు చెప్పుచు చేసిన పాట మన చాల్‌లలో గూడ సెల్‌ఫోనులలో మారుమ్రోగినది. ఊరికి పోలేక, గదిలో ఆరేడుగురము ఇరుకున కూర్చుండి విన్నవారము మనమే. పిమ్మట అతడు బృందము విడిచి సొంతముగ 2021లో 'జాతిరత్నాలు' చిత్రమునకు, 2022లో 'డీజే టిల్లు' చిత్రమునకు పాడి ఇంకను పేరు తెచ్చుకొనెను. మన పెండ్లిండ్లలో ఆ పాటలు పెట్టి చిందులు వేయుదుము. అచటి వాడు బృందము నుండి వేరై పాడిన ప్రతిభ, ఇచటి వాడు పాడిన ద్రోహమా?

భాష శుద్ధముగ లేదని ఒక పెద్దమనిషి పెదవి విరచినారు. నిజమే, ఆ పాటలలో పాలమూరు యాస గలదు, మరాఠీ మాటలు గలవు, బంబయ్యా హిందీ గలదు. వారిని మేము అడుగుచున్నాము: అయ్యా, మీ ఇంటిలో మీరు నిన్న మాటలాడినది ఏ తెలుగు? 'నళ్లా కాడ లైను పెట్టు' అందుమే గాని 'కుళాయి కడ వరుస నిలువుము' అందుమా? ఈ పత్రికలో మేము వ్రాయు తెలుగు బడిలో నేర్చినది. అమ్మ పిలిచిన తెలుగు కాదు. రెండింటికిని చోటు గలదు. వ్యాసము వ్రాయుటకు ఇది, పాట పాడుటకు అది. మూడు, నాలుగు తరములు ఈ నగరములో నిలచిన మాట ఈ నగరపు దుమ్ము అంటకుండ ఎట్లుండును? ముంబయి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున గూడ బడులు నడుపుచున్నది. వానికి మన పిల్లలను పంపుట మనమే మానుకొంటిమి. బడిలో తెలుగు విడిచితిమి, ఇంటిలో తెలుగు తగ్గించితిమి, పాటలో తెలుగు వచ్చినప్పుడు మాత్రము దానికి వ్యాకరణ పరీక్ష పెట్టుచున్నాము.

మూడవ ఆక్షేపణయే అసలైనది. తక్కిన రెండును దానికి కప్పిన దుప్పట్లు. వాడ పేరు.

మనలో ఎందరము పెండ్లి శుభలేఖ మీద కామాటిపుర అని వ్రాయించితిమి? ముంబయి సెంట్రల్ అని వ్రాయింతుము. నాగపాడా అని వ్రాయింతుము. ఊరి నుండి వచ్చిన చుట్టమును స్టేషను నుండి పెద్ద రోడ్డు మీదుగ త్రిప్పి ఇంటికి తెత్తుము. ఉద్యోగపు దరఖాస్తులో గల్లీ సంఖ్య వ్రాసి పేరు మ్రింగుదుము. మేమును చేసినాము. మా పెద్దమ్మాయి కళాశాలలో చేరిననాడు చిరునామా అట్లే వ్రాయించితిమి. కనుక ఈ భయమును మేము ఎగతాళి చేయుట లేదు. ఆ పేరు వినగనే ఎదుటివాని ముఖములో కదలు నవ్వును చూచినవారము.

కాని ఆ పేరు ఎవరిది? అది కామాటీల పురము. పద్దెనిమిదవ శతాబ్ది చివర హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట కట్టి సముద్రపు పోటును ఆపిన పిదప ఈ పల్లపు నేల నివాసయోగ్యమైనది. నిజాము ఇలాకా నుండి వచ్చి ఈ నగరమునకు రాళ్లు కొట్టి, సున్నము కలిపి, గోడలు నిలిపిన మన తెలుగు కూలివారు ఇచట గుడిసెలు వేసికొన్నందున ఈ పేరు వచ్చినది. ఆ కూలివారిలో నుండియే గుత్తేదారులు పుట్టిరి. మహాత్మా జ్యోతిరావు ఫులే 1873లో సత్యశోధక సమాజము స్థాపించినప్పుడు బొంబాయిలో దానికి అండగా నిలచినవారిలో జాయా కరాడీ లింగూ, వ్యంకూ బాలాజీ కాలేవార్ వంటి తెలుగువారు గలరు. ఇది మన పేరు. దానికి మచ్చ తగిలినది మన చేత కాదు. ఆంగ్లేయుల కాలమున ఈ గల్లీలలో వేశ్యావాటికలు పెరిగినవి. నాటి నుండి లోకమునకు ఆ గల్లీలు మాత్రమే కనబడినవి, మన గల్లీలు కనబడలేదు.

2022 ఫిబ్రవరిలో 'గంగూబాయి కాఠియావాడీ' చిత్రము వచ్చినప్పుడు మనమెంత మండిపడితిమో జ్ఞాపకము చేసికొనుడు. కామాటిపుర యనగా అదియొక్కటేనా, ఇచట సంసారులు లేరా, గుడులు లేవా, బడులు లేవా యని వాడవాసులు నిరసన తెలిపిరి. కొందరు ఉన్నత న్యాయస్థానము దాక పోయిరి. అర్జీలు నిలువలేదు, చిత్రము విడుదలైనది. ఆ చిత్రములో కనబడిన గల్లీలు మన గల్లీలు గూడ కావు. గోరేగావు ఫిల్మ్ సిటీలో వేసిన సెట్టింగు. అప్పుడు మన మనిన మాట యేమి? 'మమ్ము గూర్చి మమ్ము అడుగక ఎవరో చెప్పుచున్నారు' అని. సరియైన మాట. నేడు మన బిడ్డ యొకడు మనలను గూర్చి, మన మాటలో, మన మధ్యకు వచ్చి, మనలను అడిగి చెప్పెదననుచున్నాడు. వానికి పరిశీలన! పరులు చెప్పినప్పుడు కోర్టుకు పోవుదుము, మనవాడు చెప్పినప్పుడు తలుపు మూయుదుము. ఇక మన కథ చెప్పువారెవరు?

ఆ ఏడు పాటలు మేము విన్నాము. సమావేశము జరిగిన మూడవ నాడు ఆ యువకుని మా కొట్టుకు పిలిపించి, షట్టరు సగము దించి విన్నాము. తెల్లవారుజామున నీళ్ల పంపు కాడ బిందెల వరుసపై నొకటి. తలపై సున్నపు తట్ట మోసిన అవ్వపై నొకటి. 1982 సమ్మె తరువాత మిల్లు కూత ఆగిపోయిన ఇంటిలో తాత ఇంకను ఆ వేళకే లేచి కూర్చుండుటపై నొకటి. ఊరికి వ్రాసి పంపని ఉత్తరముపై నొకటి. వీనికి ఎవరును ఆక్షేపణ చెప్పలేదు. పెద్దలకు మింగుడుపడనిది ఆరవ పాట.

ఆ పాట తన తల్లి మాటగ పాడినాడు. తాను పుట్టిన రాత్రి వాన. తండ్రి పనిలో నున్నాడు. చేతిలో పైసా లేదు. ఎదుటి గల్లీలో వృత్తిలో నున్న ఒక స్త్రీ టాక్సీ పిలిచి, తన డబ్బు ఇచ్చి, నాయర్ ఆసుపత్రి దాక తోడు వచ్చి, తెల్లవారువరకు బయటి బల్ల మీద కూర్చుండి, బిడ్డ ముఖము చూచి వెడలిపోయినది. పాటంతయు అంతే. అందులో ఒక్క అసభ్యపు మాట లేదు. ఒక కృతజ్ఞత మాత్రమున్నది. దీనిని సంఘము హాలులో పాడరాదట. పాడినచో మన స్త్రీలకును వారికిని సంబంధము గలదని లోకమనుకొనునట.

సంబంధము లేదా? మేము కొట్టులో కూర్చున్నవారము, మాకు తెలియును. ఒకే నళ్లా, ఒకే రేషను దుకాణము, ఒకే వాన నీరు మోకాలి వరకు. మన అవ్వలు వారికి రొట్టెలు అమ్మినారు, వారి డబ్బుతో మన సరుకు తిరిగినది. మా తాతగారి ఖాతా పుస్తకములలో ఆ స్త్రీల పేర్లు గలవు. తీసికొన్న అప్పు తీర్చినవారి వరుసలో గలవు. మనము వారిని ఎరుగనట్లు నటించుట పరువైనచో, ఆ ఎరుకను మర్యాదగ చెప్పుట ఎంత పెద్ద పరువో ఆ కుర్రవాని వలన మేము నేర్చుకొంటిమి. మన ఆడపిల్లలకు సంబంధములు చెడునను భయముతో మన ఆడవారికి చేసిన ఉపకారమును దాచుకొనుట ఏ ధర్మము?

మరియొక తొందర గలదు. వర్లీ బి.డి.డి. చాల్‌లలో మన పద్మశాలి కుటుంబములు ఎన్నియో గలవు. అచట పాత చాల్‌లు కూల్చి ఎత్తైన భవనములు లేచినవి. 2025 ఆగస్టులో మొదటి విడత కుటుంబములకు క్రొత్త ఇండ్ల తాళములు ఇచ్చిరి. కామాటిపురను గూడ మ్హాడా ద్వారా పునర్నిర్మించుటకు ప్రభుత్వము పూనుకొన్నది. మంచిదే. కారు పైకప్పు క్రింద పిల్లలను పెంచినవారికి మంచి ఇల్లు వలదనువారెవరు? కాని గల్లీల వరుస పోవును, నళ్లా పోవును, ఆ మెట్ల మీది మాటలు పోవును. ఇటుకలు కట్టినవారి మనుమలము, ఇటుక నిలువదని మనకు తెలియును. నిలచునది చెప్పుకొన్న మాటయే. ఆ మాటను ఒక కుర్రవాడు తన కష్టార్జితముతో పట్టి యుంచినాడు. సంఘము చేయవలసిన పనిని ఒంటి చేతితో చేసినాడు.

కనుక మేము సభ్యుల ఎదుట ఈ ప్రతిపాదనలు పెట్టుచున్నాము. ఆ అర్జీని పరిశీలన నుండి తీసి రాబోవు సమావేశములో ఓటునకు పెట్టవలెను. హాలు అద్దె తీసికొనరాదు. ఏడు పాటలును పాడవలెను. ఆరవ పాటను తీసివేయుమని ఎవరును అతనిని కోరరాదు. వేదిక మీదకు వాద్యగాండ్రను గూడ పిలిచి పేరు పేరున చదువవలెను. మొదటి వరుస కుర్చీలు కార్యవర్గమునకు గాక, సున్నపు తట్టలు మోసిన మన ముసలమ్మలకు వేయవలెను. హాలు ఇచ్చుటకు కార్యవర్గము ఒప్పుకొననిచో మా కొట్టు ఎదుటి జాగ యున్నది, రెండు తాడిపత్రులు కట్టిన చాలును. తాడిపత్రుల ఖర్చు మాది.

ఈ వ్రాతకు సమాధానము వ్రాయదలచిన పెద్దలకు ఈ పత్రికలో స్థలము గలదు. వ్రాయుడు. కాని వ్రాయుటకు ముందు ఆ ఏడు పాటలు ఒక్కసారి వినుడు. వినుటకు మా కొట్టు ప్రతి రాత్రి తొమ్మిది గంటల తరువాత తెరచియుండును. ఈసారి షట్టరు దించము.